గంట నొక్కని మనిషి

నర్సు వచ్చేలోగా దుప్పటి మడతపెట్టడం పూర్తయింది. అంచుకు అంచు కలిపి, అరచేత్తో మధ్యలో ఒకసారి గట్టిగా రాసి, మంచం కాళ్ల వైపు పెట్టింది ఇస్త్రీ అక్క. పొట్ట మీది కుట్లు చురుక్కుమన్నాయి. పళ్లు బిగబట్టి, ఆ నొప్పి సద్దుమణిగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ తర్వాత దిండు గలీబు కూడా సరిచేసింది. రోగి తన పక్క తాను సర్దుకోకూడదని నర్సులు చాలాసార్లు చెప్పే ఉంటారు. వాళ్ల భాష ఆమెకు రాదు కాబట్టి ఆ చిక్కు లేదు.

ఇక్కడ అందరికీ తొడిగే గౌను ముందు మూసుకుని వెనక తెరుచుకుంటుంది. దాన్ని చూసిన రోజు ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. ఆపరేషన్‌కు భయపడని మనిషి గౌనుకు భయపడింది. మర్నాటి నుంచీ రెండు గౌన్లు వేసుకుంటోంది, ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి. నర్సులు నవ్వుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంది. ఆమె బాధల్లా ఆ గౌన్లకు ఇస్త్రీ సరిగ్గా లేకపోవడమే.

ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో ఉన్న లాండ్రీలో. సొంత ఊరు విడిచి, సముద్రం దాటి వచ్చి, జుట్టు సగం నెరిసేదాకా అదే టేబుల్ దగ్గర నిలబడింది. మనిషి పొట్టి, భుజాలు మాత్రం మోతపని చేసే మగవాళ్లవిలా ఉంటాయి. కుడి ముంజేతి మీద ఆవిరి కాల్చిన మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా కలిసిపోయాయి. పొట్టలో నొప్పి పుట్టిన రోజు కూడా చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే ఉంది. గ్యాసేలే, అదే పోతుంది అనుకుంది. పోలేదు. చివరికి ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, స్విచ్చి ఆపి, అప్పుడు కూలబడింది. పేగు లోపలే పగిలిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ తర్వాత తెలిసింది.

ఈ రోజు పెద్ద డాక్టరమ్మ వచ్చి ఆమె నడక చూస్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవా చివరి కిటికీ దాకా వెళ్లి తిరిగి రావాలి. వస్తే కొన్నాళ్లు విశ్రాంతి, ఆ తర్వాత మళ్లీ పని. రాలేకపోతే కంపెనీ విమానం ఎక్కించి ఇంటికి పంపేస్తుంది. నిలబడలేని మనిషితో ఇస్త్రీ ఎవరు చేయించుకుంటారు? ఇల్లంటే తమ్ముడిల్లు. వాళ్లు అన్నం పెట్టరని కాదు, పెడతారు. పెట్టి, కంచంలోకి ఒక చూపు చూస్తారు. ఆ చూపు తినడం ఆమె వల్ల కాదు. ఇక్కడ, ఆ వేడి టేబుల్ దగ్గర, కొత్తగా చేరిన పిల్లలు చొక్కా కాలరు పట్టుకొచ్చి "అక్కా, ఇది ఎలా తిప్పాలి?" అని అడుగుతారు. లోకంలో ఆమె మాట చెల్లేది ఆ కాస్త చోటే. దాన్ని వదులుకోదలచుకోలేదు.

అందుకే తెల్లవారుజాము నుంచీ కట్టు కింద వేడిగా సలుపుతున్నా, తడి తగులుతున్నా నోరు మెదపలేదు. చేతి తుండు మడిచి లోపలి గౌను కింద పెట్టుకుంది. కట్టు మార్చేది సాయంత్రం. ఈలోగా నడిచేస్తే సరి.

గోడకు ఒక అట్ట ఉంది. దాని మీద వరసగా మొహాలు. ఒక చివర నవ్వే మొహం, ఇంకో చివర ఏడ్చే మొహం. భాష రానివాళ్లు తమ నొప్పి ఎంతో వేలు పెట్టి చూపించాలి. నర్సు జ్వరం చూసి కనుబొమలు ముడిచి, అట్ట తీసి ముందుకు చాపింది. ఇస్త్రీ అక్క రోజూలాగే నవ్వే మొహం మీద వేలు పెట్టింది. సాక్ష్యంగా తనూ నవ్వింది.

పక్క మంచం మీది పెద్దావిడ ఇటే మొహం తిప్పి ఉంది. ఆవిడ ఈ దేశం మనిషే. ఎముకల గూడు, దాని మీద నీలం ఊలు శాలువా. కళ్లు మసకలు కమ్మి ఆకారాలు తప్ప ఆనవు. కమ్మీకి వేలాడే గంట చేతికి తగలగానే గుర్తుపట్టడానికి, శాలువా అంచు నుంచి దారం లాగి దాని చుట్టూ చుట్టుకుంది.

గంటంటే తెల్ల తీగ చివర ఎర్ర బొత్తాం. నొక్కితే మంచం పైన దీపం వెలుగుతుంది, నర్సుల బల్ల దగ్గర మోగుతుంది, ఎవరో ఒకరు వస్తారు. ఇస్త్రీ అక్క మంచానికీ ఒకటుంది. ఇంతవరకు నొక్కలేదు, నొక్కే ఉద్దేశమూ లేదు. గంట మోగితే పరిగెత్తడమే ఆమె బతుకంతా. పరికిణీ కట్టే వయసులో ఒక పెద్దింట్లో పనికి చేరింది. ఆ ఇంటి ముసలాయన తలగడ పక్కన ఇత్తడి గంట ఉండేది. అది మోగితే, కలుపుకున్న ముద్ద కంచంలో వదిలేసి పరిగెత్తేది. ఇక్కడ లాండ్రీలో టేబుల్ పైన గోడకు బజరు. అది మోగిందంటే పైన ఏ గదిలోనో ఎవరికో చొక్కా ఉన్నపళంగా కావాలి. ఆ మోతకు ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతుంది. అలాంటిది తను పడుకుని ఇంకో ఆడపిల్లను పరిగెత్తించడమా? దాహం వేస్తే గుటకలు మింగింది. నొప్పి పుడితే దిండు కొరికింది.

పెద్దావిడకు ఆ పట్టింపు లేదు. అస్తమానం నొక్కుతూనే ఉంటుంది. నర్సు వస్తుంది, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటారు, ఆవిడ దిండు సర్ది, వెళ్తూ వెళ్తూ ఇటు తిరిగి ఇస్త్రీ అక్కకు నీళ్లందించి, దుప్పటి కప్పి పోతుంది. ఇక్కడి పద్ధతి కాబోలు అనుకుంది ఇస్త్రీ అక్క. పెద్దావిడకు మాత్రం మనసులో రాణీగారని పేరు పెట్టింది.

గది తుడిచే అమ్మాయి బకెట్టుతో వచ్చింది. ఆ అంతస్తు మొత్తానికి తెలుగు వచ్చింది ఆ పిల్లకొక్కదానికే.

"అక్కా, ఇవాళేగా నీ నడక? మొహమేంటి అలా పీక్కుపోయింది?"

"అద్దం లేదుగా, నాకేం తెలుసు? రాణీగారు పొద్దున్నే మూడుసార్లు మోగించింది. నిద్ర పట్టనిస్తేనా!"

"పెద్దావిడ కదక్కా, పోనీలే."

"పోనీక ఏం చేస్తాను? ఇంతకీ డాక్టరమ్మ ఎప్పుడొస్తుంది?"

"భోజనాలయ్యాక అంటున్నారు. నువ్వు బాగానే ఉన్నావా, నిజం చెప్పు."

"రాయిలా ఉన్నాను. నువ్వు ఆ మూల తుడిచావా? తడి మీద జారానంటే నా నడక నీ ఖాతాలో వేస్తాను."

మధ్యాహ్నం భోజనం పళ్లాలు తీసుకెళ్లాక వార్డు సద్దుమణిగింది. ఇస్త్రీ అక్క కళ్లు మూసుకుని మనసులోనే నడుస్తోంది. తలుపు, నీళ్ల డబ్బా, నర్సుల బల్ల, కుర్చీలు, కిటికీ. మళ్లీ కిటికీ, కుర్చీలు. అప్పుడు వినిపించింది, పక్క మంచం మీద గరగరమని ఊపిరి. కళ్లు తెరిచి చూసింది. పెద్దావిడ చెయ్యి కమ్మీ మీద తడుముకుంటోంది. గంట అక్కడ లేదు. దుప్పటితోపాటు జారి నేల మీద పడి ఉంది. వేళ్లు కమ్మీ వెంట పైకి, కిందికి వెతుకుతున్నాయి. నోరు తెరుచుకుంది గానీ మాట రావడం లేదు.

వంగి తీద్దామని చూసింది ఇస్త్రీ అక్క. పొట్ట వంగనివ్వలేదు. తన గంట అందుకుని నొక్కింది. మళ్లీ నొక్కింది. దీపం వెలిగింది, మనిషి రాలేదు. ఇంకాగలేకపోయింది. మంచం దిగి, గోడ పట్టుకుని, తర్వాత గోడ కూడా వదిలేసి నడిచింది. తలుపు, నీళ్ల డబ్బా, నర్సుల బల్ల. బల్ల మీద అరచేత్తో చరిచి, "అమ్మా! రండమ్మా! పెద్దమ్మకు ఊపిరాడట్లేదు!" అని తెలుగులోనే అరిచింది. ఆ మొహం చూశాక ఎవరికీ ఆ మాటలకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికే దీపం చూసి లేచిన నర్సు ఆమెను దాటి పరిగెత్తింది.

పెద్ద హడావుడి ఏమీ చేయలేదు. ఇలాంటి గడియ వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆవిడ ముందే చెప్పి ఉంచినట్టుంది. తెర లాగారు, దిండు ఎత్తుగా పెట్టారు. వెనక్కి వచ్చిన ఇస్త్రీ అక్కను ఎవరూ బయటికి పొమ్మనలేదు. ఆమె పెద్దావిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఇంకా దేనికోసమో తడుముకుంటున్న ఆ వేళ్లు ఆమె ముంజేతి మచ్చల మీద ఆగాయి.

"ఉన్నాన్లే పెద్దమ్మా, ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ పోను," అంది.

ఊపిరి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఇంకోటి వస్తుందని అందరూ చూశారు. నర్సు వాచీ చూసుకుని, పెద్దావిడ నుదుటి మీది జుట్టు పక్కకు తీసింది.

అప్పుడే ఆ నర్సు చూపు ఇస్త్రీ అక్క గౌను మీద పడింది. రెండు గౌన్లూ దాటుకుని పొట్ట దగ్గర మరక పైకి వచ్చేసింది.

డాక్టరమ్మ వచ్చేసరికి ఇస్త్రీ అక్క తన మంచం మీద ఉంది. మాటలు అటూ ఇటూ తెలుగులోకి మార్చి చెప్పడానికి తుడిచే అమ్మాయిని పిలిపించారు. నర్సు గోడ మీది అట్ట తీసి ముందు పెట్టింది. ఇస్త్రీ అక్క నవ్వే మొహం వైపు చూసింది. అక్కడ వేలు పెడితే ఇంకా ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చు, నడవగలనని ఇందాకే చూపించింది కూడా. పక్కన మూసిన తెర వైపు చూసింది. కమ్మీ మీద తడుముకున్న ఆ వేళ్లు గుర్తొచ్చాయి. మనిషిని పిలవడానికి అంత పాకులాడిన ప్రాణం ముందు, పిలిస్తే వచ్చేవాళ్లను పెట్టుకుని తను ఇన్నాళ్లూ నవ్వింది. సిగ్గేసింది. ఏడ్చే మొహం మీద వేలు పెట్టి, తీయలేదు.

"ఎప్పటినుంచి అని అడుగుతున్నారక్కా."

"తెల్లవారుజాము నుంచి. దాచాను. చెప్పెయ్."

డాక్టరమ్మ చెప్పింది విని తుడిచే అమ్మాయి ఇటు తిరిగింది. "కుట్టు చీము పట్టిందట. విప్పి శుభ్రం చేయాలట. ఇంకొన్నాళ్లు ఇక్కడే. నడక చూసేది ఆ తర్వాతేనట. కంపెనీ అప్పటిదాకా ఆగుతుందో లేదో ఆవిడ చెప్పలేరట. ఆగమని తను మాత్రం గట్టిగా అడుగుతారట."

"అడగమను. నేను నడుస్తాను. అప్పుడు కిటికీ దాకా కాదు, మెట్లు కూడా ఎక్కి చూపిస్తానని చెప్పు."

ఆ మాట విని డాక్టరమ్మ నవ్వలేదు. తల పంకించి, ఇస్త్రీ అక్క భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లింది.

కుట్టు శుభ్రం చేసి, కొత్త కట్టు కట్టి తీసుకొచ్చేసరికి సాయంత్రమైంది. పక్క మంచం ఖాళీ. పెద్దావిడ కూతురు వచ్చి, శాలువా గుండెకు హత్తుకుని వెళ్లిపోయిందట. తుడిచే అమ్మాయి ఆ మంచం చుట్టూ తుడుస్తూ ఆగింది.

"అక్కా, నర్సమ్మ ఒక మాట చెప్పింది. నీకు చెప్పనా వద్దా అనుకుంటున్నా."

"చెప్పు."

"పెద్దావిడ అన్నిసార్లు నొక్కేది తనకోసం కాదట. పిలిచి, నీ మంచం వైపు చూపించేదట. 'ఆమె నొక్కదు, నొప్పితో మూలుగుతోంది, నాకు వినిపిస్తోంది, ముందు ఆమెను చూడండి' అనేదట."

ఇస్త్రీ అక్కకు గోడ వైపు తిరిగి పడుకోవాలనిపించింది గానీ కట్టు తిరగనివ్వలేదు. అందుకని పైకప్పు చూస్తూ, దాచుకోకుండా, కళ్లు తుడుచుకోకుండా ఏడ్చింది. రాణీగారనుకుంది తను! ఒక్కసారైనా ఆవిడ వైపు తిరిగి ఒక నవ్వు నవ్వి ఉండాల్సింది.

అమ్మాయి వెళ్లాక దాహం వేసింది. నీళ్ల గ్లాసు అందేంత దూరంలో లేదు. లేవబోయి ఆగింది. మళ్లీ ఆ నడక నడవాలంటే ఇప్పుడు లేవకూడదు. ఎర్ర బొత్తాం మీద బొటనవేలు పెట్టి, పెట్టెలో ఆవిరి వదిలేటప్పటిలా గట్టిగా నొక్కింది.

నర్సు వచ్చేలోగా ఆమె పక్క మంచం వైపే చూస్తూ ఉంది. దుప్పట్లు తీసేశారు, దిండు తీసేశారు. నేల మీంచి తీసి ఎవరో కమ్మీకి తగిలించిన ఆ గంట మాత్రం, చుట్టిన నీలం ఊలు దారంతో అలాగే వేలాడుతోంది.