సాక్షి తొక్కిన బొంతలు

మే నెల రెండో ఆదివారం సాక్షి మళ్లీ బంటీ చెయ్యి కొరికింది. సెలవులిచ్చాక ఇది మూడోసారి. బంటీ నాయనమ్మ రత్నాబాయి పక్క గదిలోనే ఉంటుంది. వాణ్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి పళ్ల గుర్తులు నా కళ్లముందు పెట్టింది.

"మల్లవ్వక్కా, పిల్లను పెంచుతున్నవా, కుక్కనా?"

"వీడేమన్నడో అడుగు ముందు."

"ఏమంటడు? మీ మమ్మీ ఎప్పుడొస్తది అన్నడు. గంతే."

గంతే చాలు సాక్షికి. దాని తల్లి, నా బిడ్డ సపన, పుణెలో ఒకరింట్లోనే ఉండి వాళ్ల పసిపాపను చూసుకుంటుంది. రెండు నెలలకోసారి వచ్చి రెండు రోజులుంటుంది. బడి ఉన్నన్నాళ్లూ సాక్షితో గొడవ లేదు. సెలవుల్లో, బొంబాయి కామాటిపుర పదో గల్లీలోని మా ఒంటి గదిలో, ఆ ఎనిమిదేళ్ల పిల్లకు పొద్దు గడవదు. బెంగంతా కోపమై పళ్లలోకి వస్తుంది.

రత్నాబాయి ఊరుకోక సపనకు ఫోన్ చేసింది. సాయంత్రం సపన నాకు చేసింది.

"అమ్మా, ఇగ నీతోని కాదు. పాలమూర్ల హాస్టల్ ఉంది. నెలాఖరు దాంక చూస్త. ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందా, ఫారం నింపుడే."

మా ఆయనను సాగనంపాను, పెద్దకొడుకును సాగనంపాను. ఈ గదుల వరసల మేడ, మా చాలు, ఖాళీ చేసి ఎక్కడెక్కడికో పోయిన వాళ్లను గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా వెళ్లి మరీ సాగనంపాను. ఈ పిల్లను మాత్రం పంపను. అదొక్కటే తెలుసు నాకు. ఎలాగన్నది తెలియదు.

మర్నాడు పొద్దున సాక్షి మెట్ల మీద కూర్చుని ఆగకుండా ఏడుస్తోంది.

"ఏం రాగాలు తీస్తవే పొద్దుగాల పొద్దుగాల?" అని కసిరాను.

ఏడుపు ఆపి నా వైపు చూసింది. దాని తెలుగు సగమే, మిగతాదంతా మరాఠీ. మరాఠీలో రాగ్ అంటే కోపం.

"రాగ్ తీస్తరా, అవ్వా? ఎట్ల తీస్తరు? ఎక్కడ్నుంచి?"

నేనన్నది ఏడుపు గురించి. అది విన్నది కోపం గురించి. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ముల్లు తియ్యమని అరికాలు చూపించినట్టు అడిగింది మరి.

"కాళ్లల్ల నుంచి," అన్నాను.

ఊరికే అనలేదు. వయసులో నేను దిమ్మిస పని చేశాను. ఇద్దరు ఆడవాళ్లం ఎదురెదురుగా నిలబడి, వంతులేసుకుని చెక్క దిమ్మిసలతో నేల గట్టిపడేదాకా కొట్టేవాళ్లం. అత్తతో కొట్లాడి పోయిన రోజున నేల ఇంకా బాగా కుదిరేది. మధ్యాహ్నానికి కోపం పోయి ఆకలి మిగిలేది.

వానలకు ముందు బొంతలు ఉతకాలి. మోకాళ్లనొప్పులని ఈ ఏడు వాయిదా వేస్తూ వచ్చాను. సాక్షిని పైన డాబా మీదికి తీసుకుపోయి, పెద్ద టబ్బులో సబ్బునీళ్లు పోసి, బొంత వేసి, "తొక్కు" అన్నాను.

తొక్కింది. నీళ్లు నల్లగా వచ్చాయి.

"పోయిందా నీ రాగ్?"

"ఇంకా ఉంది."

"అయితే తొక్కు."

తర్వాత బొంతను నేల మీద పరిచి, బట్టలు బాదే కర్ర ఇచ్చి, నేనొకటి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాది లేచినప్పుడు దానిది పడాలి. మొదట్లో కర్రలు ఒకదానికొకటి తగిలి చేతులు జివ్వుమన్నాయి.

"కోపం ఉంటే ఉండనియ్యి," అన్నాను. "దెబ్బ మాత్రం నీ వంతుకే వెయ్యి."

మా బొంతలు రెండు రోజుల్లో అయిపోయాయి. ఇక ఇంటింటికీ తిరిగి అడిగాను. రోజుకో బొంత. చివరికి రత్నాబాయి గుమ్మంలో నిలబడ్డాను.

"మీ పిల్ల నా బొంతను గూడ కొరుకుతదేమో," అంది.

"కొరికితే దాని పళ్లే ఊడుతయ్. ఎన్నేండ్లాయె నువ్వు ఉతికి?"

మూతి విరుచుకుంటూనే ఇచ్చింది. కాపలాకని బంటీని పంపింది. వాడు కాసేపు చూసి, తనకూ కర్ర కావాలన్నాడు. నా మోకాళ్లకూ విశ్రాంతి, నాది ఇచ్చాను. పది దెబ్బలు బాగా పడ్డాయి. పదకొండో దెబ్బకు వాడన్నాడు:

"మీ మమ్మీకి అక్కడ కొత్త పాప దొరికింది. ఇంక నువ్వెందుకు?"

సాక్షి కర్ర గాలిలో ఆగింది. వాడి తల మూరెడు దూరంలో ఉంది. లేవబోయాను, మోకాళ్లు లేవనివ్వలేదు. హాస్టల్, రైలు, అన్నీ కనిపించాయి.

అది కర్ర కింద పడేసింది. బొంతను టబ్బులోకి లాక్కెళ్లి, దిగి తొక్కడం మొదలుపెట్టింది. నీళ్లు పిట్టగోడ దాకా ఎగిరాయి. ఏడుస్తూనే తొక్కింది. నేను ఆపలేదు. వాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి, వాడి వైపు చూడకుండానే అంది:

"రా. ఆ కొస పట్టుకో. పిండాలె."

తడిసిన బొంత పిండడం ఒక్కరితో అయ్యేది కాదు. వాడు వచ్చి కొస పట్టుకున్నాడు. సాక్షి ఎంత గట్టిగా మెలిపెట్టిందంటే, వాడు గిర్రున తిరిగి సబ్బునీళ్లలో కూలబడ్డాడు. ముందు వాడే నవ్వాడు.

నెలాఖరున సపన ఫోన్ చేసి, "కంప్లైంట్ ఉందా?" అంది. జవాబు చెప్పకుండా ఫోన్ రత్నాబాయి చేతిలో పెట్టాను. నేను చెబితే నమ్మదు.

"ఎందుకు లేదు," అంది రత్నాబాయి. "పిండి పిండి నా బొంత మూల చింపింది నీ బిడ్డ. కొరుకుడంటవా, ఆ రోజు నుంచి లేదు."

ఫోన్ తీసుకున్నాను. "సపనా, ఫారం చింపెయ్యి. పిల్ల నా తాననే ఉంటది."

"నీ మోకాళ్లు, అమ్మా?"

"నా మోకాళ్ల సంగతి నాకొదిలెయ్యి. నువ్వు మాత్రం రెండు నెలలకు గాదు, నెలనెలా రా."

"దీపావళి దాంక చూద్దాం," అంది సపన.

దీపావళికి మళ్లీ సెలవులు, ఇరవై రోజులు. అప్పటికి బొంతల పని ఉండదు. ఫోన్ పెట్టేసి రత్నాబాయి వైపు తిరిగాను.

"దీపావళికి మెట్లన్నీ ఎవరు కడుగుతరు ఈ చాలుల?"

"ఎవరూ కడగరు. ఎందుకు?"

"ఎన్ని మెట్లుంటయ్?" అన్నాను.