ముట్టని పెరుగన్నం

కుక్క ముట్టని అన్నం భైరవస్వామికి చేరుతుందా, చేరదా? ఏళ్ల తరబడి నాకీ సందేహం ఉండేది.

మా అబ్బాయికి విషజ్వరం తగ్గితే నల్లకుక్కకి పెరుగన్నం తినిపిస్తానని మొక్కుకున్నాను. తగ్గింది. మేముండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో. పై వీధిలో ఒక నిర్మాతగారి బంగళా గేటు దగ్గర మోతీ అనే నల్లకుక్క ఉండేది. విస్తరి దాని ముందు పెట్టాను. చొంగ కారుస్తూ నా మొహంలోకి చూసింది గాని మూతి పెట్టలేదు. కాపలా ఉండే బాలనర్సయ్య, డ్రైవర్లు పక్కనే నిలబడి నవ్వుకుంటున్నారు. పెట్టడం వరకే మన పని అన్నారు, గుళ్లో అర్చకత్వం చేసే మావారు వెంకటాచలంగారు. నాకు మనసొప్పలేదు.

తర్వాత నిర్మాతగారు పోయారు. పిల్లలు బాలనర్సయ్యని మాన్పించి, బంగళాకి తాళం వేసి, ముసలిదైన మోతీని గొలుసుతో గేటుకే కట్టి వదిలేశారు. దారినపోయేవాళ్లు పెట్టిన బిస్కెట్లకీ బిర్యానీకీ దాని ముందే చీమలు పట్టాయి. యజమాని మీద బెంగతో అన్నం మానేసిందని అందరూ మెచ్చుకున్నారు. బంతిపూల దండ వేసి వీడియోలు తీసుకున్నారు. గొలుసు మాత్రం ఎవరూ విప్పలేదు. దండ కింద మెడ ఒరుసుకుపోయి, పుండులో పురుగులు పడ్డాయి.

నేనే విప్పి తెచ్చాను. మడి ఇంట్లోకి కుక్కేమిటన్నారు మావారు. స్వామి వాహనం గడప తొక్కితే మైలా అని అడిగాను. వరండాలో గోనెసంచి ఆయనే పరిచారు. పశువుల డాక్టరు పుండు కడిగి సెలైన్ ఎక్కించాడు. నోటితో తినకపోతే మాత్రం దక్కదన్నాడు. పాలు పోసినా, అన్నం పెట్టినా అదే చూపు.

కృష్ణానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకి కాపలాగా చేరిన బాలనర్సయ్యని వెతుక్కుంటూ వెళ్లాను. విషయం చెబితే నవ్వాడు.

"బెంగ గాదు, ఏం గాదమ్మా. సినిమాల దాని వేషమే గది. సచ్చిన హీరో పక్కన కూసోవాలె, ముందట అన్నం పెడ్తే ముట్టొద్దు. ముడితే మూతి మీద బెల్టు. కట్ అన్నంకనే తినాలె. బంగళాల రోజూ నేనే కట్ అంటుంటి."

"మరి నేను విస్తరి పెట్టిన రోజు చెప్పలేదేం?"

"పందెం గాసినం గదా. కుక్క మీద గాదు, మీరెంతసేపు నిలబడ్తరో అని."

"పోయేటప్పుడైనా ఎవరికన్నా చెప్పొచ్చు కదయ్యా."

"నన్ను ఎవలన్న అడిగిన్రా?"

ఇంటికొచ్చి పెరుగన్నం కలిపి మోతీ ముందు పెట్టాను. నా మొహంలోకి చూసింది. మెడ వణుకుతోంది.

"కట్," అన్నాను.

చెవులు కదిలాయి. ముందు నా చేతులకేసి చూసింది. వాటిలో ఏమీ లేదు. అయినా దెబ్బకి సిద్ధపడ్డట్టు కళ్లు గట్టిగా మూసుకునే విస్తట్లో మూతి పెట్టింది. చివరి మెతుకు దాకా ఆ కళ్లు తెరవలేదు.

మా అబ్బాయి జ్వరం నాటి మొక్కు ఆ పూట తీరింది.