గాజు బుడిపెకు కొబ్బరినూనె

చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంటే చాలు, అందులో ఏ పంట పండుతుందో, ఆ పంట ఎవరి కంచంలోకి వెళ్తుందో కూడా చెప్పేస్తానని నేను ఏళ్ల తరబడి చెప్పుకు తిరుగుతున్నాను. ఒకప్పుడు నేను పండించిన గుమ్మడికాయను తొలిచి, వానాకాలమంతా అందులో రెండు మేకల్ని కట్టేశామని కూడా చెబుతాను. ఒకసారి మూడు మేకలన్నానట. మా ఆవిడ ఇలాంటివి మర్చిపోదు. వీధిలో అందరూ నన్ను గొప్పల తాత అంటారు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి కదా, చాలాకాలం అది బిరుదనుకున్నాను.

అలాంటి నా ఇంటి మేడ మీద మా అమ్మాయి మట్టి లేని వ్యవసాయం మొదలుపెట్టింది. ఎనిమిది వరసల తెల్ల పైపులు, వాటి నిండా చిల్లులు, చిల్లుకో చిన్న బుట్ట, బుట్టలో లెట్యూస్ అనే ఆకుకూర మొక్క. వేళ్లు పైపులోకి వేలాడుతూ కింద పారే నీళ్లు తాగుతుంటాయి. ఎరువంతా ఆ నీళ్లలోనే. మూలనున్న డ్రమ్ములోంచి మోటారు నీళ్లను తోస్తుంది, అవి పైపులన్నీ తిరిగి మళ్లీ డ్రమ్ములోకే వస్తాయి.

"నేల మీద కాలు పెట్టని జమీందారు బిడ్డల్లా ఉన్నాయే ఇవి! మట్టి అంటకుండా ఎలా బతుకుతాయే?" అన్నాను మొదటిరోజు.

"అందుకే నాన్నా, కలుపుండదు, తవ్వడం ఉండదు. నీకు పనే ఉండదు, హాయిగా కూర్చో," అంది.

అదిగో, ఆ మాటే గుచ్చుకుంది. నాకు పని ఉండదట!

అమ్మాయి మోటార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి ఇందులో దిగింది. ఆ సెలవు అయిపోవస్తోంది. శనివారం ఒక పెద్ద హోటలు వంటమాస్టారు వచ్చి ఆకు చూస్తానన్నాడు. నచ్చితే వారం వారం తీసుకుంటాడు. నచ్చకపోతే అమ్మాయి సోమవారం మళ్లీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడాలి. ఈ సంగతి ఇంట్లో గోడలక్కూడా తెలుసు.

నీళ్లలో పులుపు ఎంతుందో చూడటానికి తన దగ్గర పెన్నులాంటి మీటరు ఒకటి ఉంది. దాని కొసన చిన్న గాజు బుడిపె. నీళ్లలో ముంచితే ఆరు దగ్గర చూపించాలి. అంకె పెరిగితే పులుపు తగ్గినట్టట, అప్పుడు డ్రమ్ములో యాసిడ్ చుక్కలు వేస్తుంది. పని అయ్యాక ఆ బుడిపెను మూతలోని నీళ్లలో మునిగేలా పెట్టి దాస్తుంది.

ఆ వారం మొదట్లో అమ్మాయి బజారుకెళ్లినప్పుడు నేను మేడెక్కాను. మీటరు మూత తీసి చూస్తే లోపల తడి! నా ఒళ్లు మండింది. పనిముట్టును నీళ్లలో నానబెట్టి వదిలేస్తారా ఎవరైనా? నలభై ఏళ్లు పార పట్టినవాణ్ణి. రోజూ దాన్ని కడిగి, తుడిచి, ఎండబెట్టి, నూనె రాసి గోడకి ఆనించాకే అన్నం ముందు కూర్చునేవాణ్ణి. ఆ శ్రద్ధతోనే మీటరును పంచె చెంగుతో తుడిచాను. పిట్టగోడ మీద ఎండబెట్టాను. కొబ్బరినూనె తెచ్చి గాజు బుడిపెకు రెండు చుక్కలు పట్టించాను. నిగనిగలాడింది. మెట్ల మీద అమ్మాయి చెప్పుల చప్పుడు వినిపించి, గబగబా మూత బిగించి ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మర్నాడు మీటరు ఏడు చూపించింది. అమ్మాయి యాసిడ్ వేసింది. ఏడే. ఇంకాస్త వేసింది. అయినా ఏడే. గురువారం పొద్దున్నకి ఆకులు వాడిపోయి, వేళ్లు గోధుమరంగు తిరిగాయి. అమ్మాయి పైపుల మధ్య నేల మీద చతికిలబడింది.

"పోయిన వారమే మీటరు సరిచూశాను నాన్నా. ఎంత యాసిడ్ వేసినా అంకె కదలట్లేదు. నాకే చేతకావట్లేదు. సోమవారం వచ్చేస్తానని సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తాను."

నేనూ తన పక్కనే చతికిలబడ్డాను.

"చేతకానిది నీకు కాదమ్మా, నాకు. మీటరుకి నూనె రాశాను."

అమ్మాయి తలెత్తి చూసింది. కళ్లు తుడుచుకుని చిన్నగా నవ్వింది.

"నన్ను ఓదార్చడానికి ఇంత కష్టపడకు నాన్నా."

"కాదే, నిజం! ఒట్టు!"

"గుమ్మడికాయ మీద కూడా ఒట్టేశారుగా," అంది కాఫీ తెచ్చిన మా ఆవిడ. "మీటరుకి నూనె రాసేవాడు ఎక్కడైనా ఉంటాడా?"

"ఇక్కడున్నాడు!"

"సరే, ఎంత రాశావు నాన్నా?"

రెండు చుక్కలని చెబితే సరిపోయేది. అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా?

"గిద్దెడు!" అన్నాను.

అంతే. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుంది.

జీవితంలో ఒక్క నిజం చెబుదామంటే దానికీ సాక్ష్యం కావాల్సి వచ్చింది. నేను పరుగున వెళ్లి మీటరు తెచ్చి, మూత పీకి, అమ్మాయి ముక్కు కింద పెట్టాను.

"వాసన చూడు."

చూసింది. మళ్లీ చూసింది. ఫోను పక్కన పెట్టింది. మీటరును పరీక్షించడానికి ఉంచుకున్న చిన్న సీసా తెచ్చి అందులో ముంచింది. ఆ సీసాలో నాలుగు చూపించాలి. ఏడు చూపించింది.

"నాన్నా!"

ఆ ఒక్క పిలుపులో ఎన్ని తిట్లున్నాయో లెక్కపెట్టడానికి నా చదువు చాలదు.

"ఆ బుడిపె ఎప్పుడూ తడిగానే ఉండాలి, తెలుసా? మీటరు తప్పు చెప్తుంటే నేను రెండ్రోజులుగా మొక్కలకి యాసిడ్ తాగించాను!"

"ఏమండీ, నిలబడి చూస్తారేం? బకెట్టు అందుకోండి," అంది మా ఆవిడ.

డ్రమ్ము ఖాళీ చేశాం. పైపులు కడిగాం. కొత్త నీళ్లు మోశాం. పులుపును బట్టి రంగు మారే కాగితాలతో అమ్మాయి లెక్క సరిచూసుకుంది. శుక్రవారం సాయంత్రానికి ఆరు వరసలు తలెత్తాయి. రెండు వరసలు లేవలేదు. వాటిని పీకి పారేసే పని నాకే ఇచ్చింది. 

శనివారం వంటమాస్టారు వచ్చాడు. ఒక ఆకు తుంపి నమిలాడు, ఇంకో వరసలోది తుంపి నమిలాడు.

"బావుంది. ఈ ఆరు వరసల ఆకూ వారం వారం తీసుకుంటా. వచ్చే నెల నుంచి ఎనిమిదీ కావాలి," అని వెళ్లిపోయాడు.

అమ్మాయి వెంటనే సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది. నేను తలుపు చాటునుంచి విన్నాను.

"సోమవారం రావట్లేదు సార్... లేదు సార్, ఇక రాను... అవును, వస్తాననే అనుకున్నాను. పంట పోయిందనుకున్నాను... ఏం లేదు సార్, మా నాన్న మీటరుకి కొబ్బరినూనె రాశాడు... నిజం సార్... అయ్యో, నిజంగానే సార్!"

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది.

"పగలబడి నవ్వుతున్నాడు. నమ్మట్లేదు. నీ కూతురినైనందుకు నా మాటకీ విలువ పోయింది," అంది. "లే, ఖాళీ అయిన రెండు వరసల్లో కొత్త నారు పెట్టాలి. చేతులు కడుక్కుని రా. తుడుచుకోకు, తడిగానే రా."