రెక్క మీద తాడు

విమానం పైకప్పులోని గుండ్రటి తలుపు కింద ప్రోఖోర్ వీపున పారాచూట్‌తో వంగి కూర్చున్నాడు. ఆ రేకు గోడల మధ్య కాళ్ళు చాపుకునే చోటు కూడా లేదు. ఇంజన్ల హోరును మించి వెనకనుంచి దనీలా అరిచాడు.

"ఒరేయ్ ఎలుగుబంటీ! రెక్క చివర ఉండేది నువ్వే. నువ్వు దూకితేనే మాకు దారి. పోయినసారిలా నీలుక్కుపోకు!"

"నీకెందుకురా అంత తొందర?"

"దిగాల్సిన చేను దాటితే దెస్నా నది. నాకు ఈత రాదు. మా ఆవిడకి పొడి మొగుడే కావాలట!"

అందరూ నవ్వారు. ప్రోఖోర్ నవ్వలేదు.

పైకి పాకగానే గాలి ముఖాన్ని చరిచింది. రెక్క పొడవునా కట్టిన తాడు పట్టుకుని, బోర్లా పడుకుని, ఒకరి వెనక ఒకరు చివరిదాకా జరిగారు. తాడును చేతికి చుట్టుకోవద్దని శిక్షణలో రోజూ చెప్పేవారు. పట్టుకోవాలి, విమానంలోంచి దూకమని జెండా ఊపగానే వదిలేయాలి. రేకు మీద బూట్లు నిలవక ప్రోఖోర్ కుడి మణికట్టుకి ఒక్క చుట్టు వేసుకున్నాడు. ఒక్కటేగా అనుకున్నాడు.

జెండా ఊగింది. రెక్క మీదనుంచి జారాడు, జారి ఆగిపోయాడు. అతని బరువుకి తాడు మణికట్టును కొరికి పట్టుకుంది. కాళ్ళు గాల్లో కొట్టుకుంటున్నాయి. ఎడమచేత్తో లాగినకొద్దీ చుట్టు బిగిసింది. పైన మిగతావాళ్ళని అదే తాడు రెక్కకేసి అదిమేసింది. ఎవరూ కదలలేరు. కింద గోధుమచేను అయిపోవస్తోంది.

దనీలా ముఖం పైనుంచి కనబడింది. అతని పెదాలు కదిలాయి కానీ మాట వినబడలేదు. నడుమునున్న కత్తి తీసి, తన పట్టూ పోతుందని తెలిసే తాడు కోశాడు.

ప్రోఖోర్ పడిపోయాడు. పారాచూట్ రింగు లాగాల్సిన కుడిచేతికి స్పర్శ లేదు. ఎడమచేత్తో గుండె మీదంతా తడిమి, దొరికిన రింగును లాగాడు. గొడుగు విచ్చుకుంది. ఒడ్డునున్న ఇసుకలో మోకాళ్ళ మీద పడ్డాడు.

దనీలా గొడుగు నది మధ్య పరుచుకుంది.

పారాచూట్ పట్టీలు ఊడదీసుకోకుండానే, తన గొడుగును ఈడ్చుకుంటూ ప్రోఖోర్ నీళ్ళలోకి పరిగెత్తాడు. గుడ్డనీ దానికి చిక్కిన మనిషినీ కలిపి లాక్కొచ్చాడు. దనీలా నీళ్ళు కక్కాడు, ఊపిరి పీల్చాడు. తిడతాడేమోనని ప్రోఖోర్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఈ పట్టీలు విప్పు," అన్నాడు దనీలా, ముఖం పక్కకి తిప్పుకుని. "ఊపిరాడడం లేదు."

ప్రోఖోర్ వంగాడు. కొక్కెం మీద పెట్టిన కుడిచేతి వేళ్ళు ముడుచుకోలేదు.