బుల్లి గమనించిన ప్రాణి

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదమ్మా!" అన్నాడు మా అబ్బాయి యుగంధర్, కారు దిగకుండానే. వెనక సీట్లోంచి బుల్లిని దించి, దాని బట్టల సంచీ, మందుసీసా నాకు అందించింది కోడలు అరుణశ్రీ. నా రెండో చేతిలో సగం గీరిన కాకరకాయ ఉంది. వాళ్ళిద్దరివీ విజయనగరంలో ఉద్యోగాలు. మార్చి నెల కనుక సెలవు దొరకదు. ఏడేళ్ళ బుల్లికి ఒంటి నిండా పొక్కులు. క్లాసులో సగం మందికి అవే పొక్కులు రావడంతో రెండో తరగతిని వారం పాటు మూసేసి, ఇంటి దగ్గర పిల్లలతో చేయించవలసిన పనులేవో బడివాళ్ళు ఫోనుకు పంపారు. "మీరు టీచరు కదత్తయ్యా, మీకిదెంతలో పని" అంది అరుణశ్రీ. ఒకే గేటు దగ్గర, ఒకే నిమిషంలో, నేను ఖాళీ మనిషినీ సమర్థురాలినీ కూడా అయిపోయాను. ఖాళీ మనిషికి పని అప్పగించడానికి ఎవరూ సంకోచించరు. సమర్థురాలికైతే అది పని అనే అనుకోరు.

ఆ వారం నేను తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉందని వాళ్ళకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే. నాతో పాటు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసిన లక్ష్మీనరసమ్మ, రిటైరయ్యాక పాతపట్నం వెళ్ళి, కొండ ఊళ్ళ ఆడపిల్లల కోసం నడిచే ఒక హాస్టల్ బడిని చూసుకుంటోంది. రెండు రోజుల కిందటే ఫోను చేసింది. "సైన్సు సెప్పే మనిషి లేదే ఈశ్వరీ. పిల్లలు కప్పని బొమ్మలో సూసి నేర్సుకుంతన్నారు, గోడవతలే కప్పలున్నాయి. నీకో గది ఇస్తాం. సిన్నదే గానీ కిటికీ ఉన్నాది. వంట నీది కాదు. ఆదివారం నాటికి సెప్పీ, లేపోతే మరొకర్ని సూసుకుంటారు." వంట నీది కాదు అన్న మాట విన్నాక, మిగతా మాటలు నాకు సరిగా వినపడలేదు. ఫోను పెట్టేసి చాలాసేపు స్టవ్ ముందు నిలబడ్డాను. మా వారితో ఇంకా చెప్పలేదు. రిటైరైన కొత్తలో ట్యూషన్లు చెబుతానంటే, "ఇంకా ఈ వయసులో ఎందుకు? హాయిగా ఉండు" అన్నారు. అప్పటినుంచి నేను హాయిగా ఉన్నాననే ఇంట్లో అందరి నమ్మకం.

మా వారు మురళీమోహన్ గారు కాలేజీలో తర్కం బోధించి రిటైరయ్యారు. గజపతినగరంలో హేతువాద సంఘానికి ఆయనే అధ్యక్షులు. పెళ్ళైన కొత్తలో నా పేరులో దేవుడున్నాడని, మార్చుకొమ్మన్నారు. ఆయన పేరు నిండా కృష్ణుడేనన్న సంగతి ఆయనకు తోచలేదు. నేను గుర్తు చేయలేదు. నాకు దేవుడి మీద నమ్మకం పోయింది ఆయన ఉపన్యాసాల వల్ల కాదు. పద్దెనిమిదేళ్ళ వయసులో, సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర గదులు చూస్తూ చూస్తూ, ఎవరి సాయమూ లేకుండా, ఒక మధ్యాహ్నం పోయింది. అది ఎంత ఒంటరి మధ్యాహ్నమో ఈనాటికీ ఎవరూ నన్ను అడగలేదు. సభల్లో మాత్రం ఆయన నన్ను చూపించి, "మా ఆవిడ కూడా మనవైపే" అంటుంటారు, తానే చేయి పట్టుకుని గట్టు దాటించినట్టు.

బుల్లి గోకేసుకుంటుందని గోళ్ళు కత్తిరించి, చేతులకు పాత సాక్సులు తొడిగాను. కలం పట్టడానికి వీల్లేదు కనుక, అది చెబితే నేను రాయాలి. పప్పులు కలిపి వేరు చేయించడం, మంచం జానలతో కొలిపించడం, నీళ్ళలో ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చూపించడం తేలిగ్గానే సాగాయి. వారమంతా చేయవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో ఉండే ఒక ప్రాణిని గమనించండి. అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏం శబ్దం చేస్తుంది, ఎవరితో ఆడుతుంది?

"బల్లిని చూద్దామా?" అన్నాను.

"బల్లి ఎప్పుడో గానీ రాదు. నిన్ను సూస్తాను."

"నేను ప్రాణినేమిటే?"

"కాదేటి? ఊపిరి తీసేవన్నీ ప్రాణులేనని నువ్వే సెప్పావు కదా మామ్మా!"

మొదటి పాఠంలోనే దొరికిపోయాను. క్లాసులో పిల్లలకు నేను ముప్ఫై ఏళ్ళు చెప్పిన సూత్రమే దీనికీ చెప్పాను: "చూసిందే చెప్పు. అనుకున్నది చెప్పకు." ఆ సూత్రం నా మీదికే తిరుగుతుందని అప్పుడు ఊహించలేదు.

మంగళవారం పక్కింటి దేముడమ్మ వేపరెమ్మలు పట్టుకొచ్చి, గేటు బయటే నిలబడింది. "ఓలమ్మో! పిల్లకి అమ్మోరు పోసిందట కదా పంతులమ్మా! గుమ్మానికి రెమ్మ కట్టలేదేటి? పోపు వాసనొస్తన్నాది మీ ఇంట్లోంచి. అమ్మోరికి గిట్టదు తల్లీ!"

మా వారు వరండాలోంచి చిరునవ్వుతో, "అది అమ్మవారు కాదు దేముడమ్మా, వైరస్. కంటికి కనపడని సూక్ష్మజీవి" అన్నారు.

"అమ్మోరు మాత్రం కనపడతాదేటి బాబూ? మీకు సదువున్నాది, మాకు బయమున్నాది. ఎవులిది ఆలదే" అంది దేముడమ్మ. ఆయన నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడామె గొంతు తగ్గించి నాతో, "మా ఇంట్లో అమ్మోరుంటే పొయ్యి మీదకి మూకుడెక్కదు. మా ముసిలోడు సల్దన్నం తిని కిక్కురుమనడు. ఆ తల్లి పేరు సెప్పి నాకూ నడుం వాలుతాది. నీకేటమ్మా, నీకు ఏ తల్లీ లేదు!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె హాస్యానికే అంది. రెమ్మలు పట్టుకుని గేటు దగ్గరే ఉండిపోయాను. వేపరెమ్మకు మహిమ ఉందని నేను నమ్మను. కానీ ఆ రెమ్మను చూసిన పరాయివాళ్ళు గుమ్మం దాటరు. అంటువ్యాధి ఉన్న ఇంటికి ఎవరూ రాకపోవడం మంచిదేనని ఏ పుస్తకమైనా చెబుతుంది. దేముడమ్మ భయం ఆమెకు ఏడాదికో రెండేళ్ళకో కొన్నాళ్ళ విశ్రాంతి సంపాదించి పెట్టింది. నా జ్ఞానం నాకు ఏం సంపాదించి పెట్టింది? ఈ ఇంట్లో ఏ పండగా లేదు, ఏ ఉపవాసమూ లేదు, ఏ మైలా లేదు. కాబట్టి మూకుడు దిగిన రోజూ లేదు.

యుగంధర్‌కు నాలుగేళ్ళప్పుడు ఇవే పొక్కులు పోశాయి. మూఢనమ్మకాన్ని ఎదిరించడానికి అదే అదునని, మా వారు మిత్రులందరినీ భోజనానికి పిలిచారు. తాలింపు కూడా వేయకూడదన్న ఇంట్లో వేపుళ్ళ విందు! చేపముక్కలు, గారెలు, అప్పడాలు, కాకరకాయ వేపుడు. లోపలి గదిలో పిల్లాడు జ్వరంతో, దురదతో ఏడుస్తుంటే, ఒక చేత్తో వాడికి తడిగుడ్డ వేసి, మరో చేత్తో గరిటె తిప్పాను. పొగకు వాడు దగ్గుతున్నాడని తలుపు మూస్తే, తలుపు మూసినందుకు ఏడ్చాడు. ఒకాయన చేతులు కడుక్కుంటూ, "మురళీమోహన్ గారి ఇల్లొక ప్రయోగశాల" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రయోగశాలలో గాజుసామాను కడిగే మనిషి ఒకరుంటారు. ప్రయోగఫలితాల కింద ఆ మనిషి పేరు వేయరు.

బుల్లి తన పని శ్రద్ధగా చేసుకుపోయింది. బుధవారం మధ్యాహ్నం నా ఎదుట కూర్చుని, "ఏం తింటుంది? రాయు. మిగిలింది తింటాది" అంది.

"అలా కాదమ్మా. పదార్థం పేరు చెప్పాలి. అన్నం, పప్పు, కూర."

"మిగిలిందే, మామ్మా! నిన్న అడుగంటిన పప్పు. ఈవేళ మాడిపోయిన అట్టు. నిలబడి తింటాది. అదీ రాయు."

రాశాను. ఎప్పుడు నిద్రపోతుందన్న ప్రశ్న దగ్గర అది కాసేపు ఆలోచించింది. "దొరకలేదు. నేను లేచేసరికి లేచే ఉంటాది. నేను పడుకునేసరికి పడుకోదు." తెలియనప్పుడు తెలియదని రాయడం కూడా శాస్త్రమేనని చెప్పి, తెలియదు అని రాశాను. ఏం శబ్దం చేస్తుందన్న ప్రశ్నకు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సాక్సు చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, అచ్చం నా గొంతుతో, "ఆఁ, వస్తున్నా!" అని అరిచింది. "తాతయ్య ఈశ్వరీ అంటే అరుస్తాది. కుక్కరు అరిస్తే అరుస్తాది. ఒక్కోసారి ఎవరూ పిలవకపోయినా అరుస్తాది."

నవ్వాను. నవ్వుతూనే గమనించాను, ఆ చివరి వాక్యం నిజమేనని.

ఎవరితో ఆడుతుందన్న ప్రశ్నకు, "నాతో" అంది. "నేను ఎల్లిపోతే ఎవరితో ఆడతావు?" అని అడిగింది.

"నువ్వు వెళ్ళిపోయాక జరిగేది నువ్వు చూడలేవు కదా. చూడనిది రాయకూడదు" అన్నాను. సూత్రం అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. ముగ్గురు మనుషులున్న ఇంట్లో, మధ్యాహ్నం మూడింటికి, ఆయన గది తలుపు చేరవేసి ఉండగా, ఏడేళ్ళ పిల్ల ఒక్కతే నన్ను చూస్తోంది. నన్ను పిలిచేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. చూసేవాళ్ళు ఎప్పుడు ఆగిపోయారో, అసలు ఎప్పుడైనా ఉన్నారో, గుర్తు తెచ్చుకోబోతే ఏమీ తట్టలేదు.

ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్న దగ్గర బుల్లికి చిక్కు వచ్చింది. పడకగదిలో తాతయ్య పుస్తకాలు, తాతయ్య బల్ల, తాతయ్య మంచం ఉన్నాయట. హాల్లో దివాను మీద మామ్మ పడుకుంటుంది, కానీ ఎవరైనా వస్తే దుప్పటి తీసేస్తుంది. వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది, కానీ అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు. "గూడు ఎక్కడుందో సరిగ్గా తెలీదు. వదిలీ. ఇంకా సూడాలి" అంది. అక్కడ ఖాళీ ఉంచాను.

గురువారం కాఫీ తాగుతూ మా వారు ఉత్సాహంగా చెప్పారు. "ఆదివారం మన సంఘం వాళ్ళను భోజనానికి పిలిచాను. యుగంధర్‌కు పోసినప్పుడు చేసినట్టే! వీధంతా వాసన రావాలి. దేముడమ్మలాంటి వాళ్ళకు వంద ఉపన్యాసాల కంటే ఒక కాకరకాయ వేపుడు ఎక్కువ బోధిస్తుంది." నా జవాబు కోసం ఆగలేదు. ఎవరు వేయిస్తారన్నది ఆయన తర్కంలో చెప్పనవసరం లేని ప్రతిపాదన.

"అంటువ్యాధి ఉన్న ఇంటికి పదిమందిని పిలవడం ఏం హేతువాదం?" అన్నాను.

"వాళ్ళందరికీ చిన్నప్పుడే వచ్చేసి ఉంటుందిలే" అన్నారు, పేపరు మడుస్తూ.

ఆదివారం పొద్దున్న బజారు నుంచి చేపలు, కాకరకాయలు, పెద్ద నూనె ప్యాకెట్టు తెచ్చి గట్టు మీద పెట్టారు. నేను మూకుడు తీసి, కడిగి, బోర్లించాను. "ఇవాళ నేను వేపుళ్ళు చేయను" అన్నాను.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"చేయాలని లేదు. మీకు చేయాలని ఉంటే చేయండి, మూకుడు ఇక్కడే ఉంది."

ఆయన నన్ను వింతగా చూశారు. నలభై ఏళ్ళు తర్కం చదివిన మనిషికి, భార్య మూకుడు దించడానికి రెండే కారణాలు తెలుసు. ఒకటి జబ్బు. జబ్బు లేదని తేలింది కనుక రెండోదే అయి ఉండాలి. "దేముడమ్మ నీకేమైనా చెప్పిందా?" అని నెమ్మదిగా అడిగారు. లేదన్నాను. నమ్మలేదు. హాల్లోకి వెళ్ళి, సంఘం కార్యదర్శి నరసింగరావు గారికి ఫోను చేశారు. గొంతు తగ్గించాననే అనుకున్నారు.

"ఇవాళ వద్దులెండి... అబ్బే, పాప బాగానే ఉంది. మా ఆవిడే... అవునండీ, ఎంత చెప్పినా ఆడవాళ్ళకు లోపల్లోపల ఆ సెంటిమెంటు పోదు. మనమే కాస్త సర్దుకోవాలి."

బోర్లించిన మూకుడు మీద నా చేయి అలాగే ఉంది. తన మాట పోకుండా ఉండడానికి ఆయన నన్ను భక్తురాలిని చేసేశారు. నా సొంతమని నేను అనుకున్నది ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది. ఉల్లిపొర మీద వంగి, నాకు నేనుగా తేల్చుకున్న ఆ మధ్యాహ్నం. దాన్ని ఆయన ఒక ఫోను మాటలో, సానుభూతితో, తీసేశారు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. చాలాకాలం గమనించిన విషయం చివరికి రుజువైనప్పుడు వచ్చే నిశ్శబ్దం లాంటిది వచ్చింది.

పెరట్లోకి వెళ్ళి లక్ష్మీనరసమ్మకు ఫోను చేశాను.

"వస్తన్నావేటే?" అంది.

"వస్తున్నాను. ఆ గదిలో కుర్చీ ఉందా?"

"కుర్చీ లేకపోతే కొందుం గానీ, మురళి మాస్టారు ఏటన్నారు?"

"ఇంకా అడగలేదు. అడగను. చెబుతాను."

మధ్యాహ్నానికి బుల్లి పొక్కులు చాలావరకు పెచ్చులు కట్టాయి. సాక్సులు తీసేశాను. సాయంత్రం యుగంధర్ వచ్చి తీసుకెళ్తాడు. అది కాగితం పట్టుకొచ్చి, "మామ్మా, గూడు మిగిలిపోనాది" అంది. కలం నేనే తీసుకుని, ఎక్కడ ఉంటుంది అన్న చోట, పాతపట్నం అని రాశాను.

బుల్లి కూడబలుక్కుని చదివి, నన్ను నిలదీసింది. "అది మనం సూడలేదు కదా!"

"చూడలేదు. అందుకే పక్కన ప్రశ్నార్థకం పెడుతున్నాను. సెలవుల్లో నువ్వు అక్కడికి వచ్చి, చూసి, నిజమైతే ఆ గుర్తు కొట్టెయ్యాలి."

"ఈశ్వరీ! టీ!" అని లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది.

బుల్లి వెంటనే నా ముఖం వైపు తిరిగింది. తను రాయించింది సరైనదో కాదో సరిచూసుకునే పద్ధతిలో, కళ్ళార్పకుండా, నా నోటినే చూస్తూ కూర్చుంది.

పిలుపు మళ్ళీ వచ్చింది. ఆ ప్రాణి ఏ శబ్దమూ చేయలేదు.