ఎడమవైపు దిష్టి

కదిరయ్య లగేజీ ఆటోకు కుడివైపు ఏ రోగమూ లేదు. ఎడమకు తిరగాలని లైటు మీట వేశాడా, టప్పుమని ఫ్యూజు పోయేది. దాంతో రెండువైపులా లైట్లు ఆరేవి. బలసముద్రం ఊరి చుట్టూ కనుచూపు మేర పరుచుకున్న సోలారు పలకలు ఎక్కడెక్కడి ఊళ్లకో కరెంటు పంపుతున్నాయి. వాటి నడుమ ఈ మహానుభావుడి బండికి వేలెడంత బల్బు మాత్రం వెలగదు.

అతనికిది నవ్వులాట కాదు. మేపే బీడంతా పలకల కిందికి పోయాక గొర్రెలను అమ్మి కొన్న బండి అది. పలకలు కడిగే నీళ్ల డ్రమ్ములు మోయడానికి ప్లాంటువాళ్లు ఒక్క బండి కావాలన్నారు. సోమవారం పొద్దున గేటు దగ్గర చెకింగు. వచ్చిన వరసలో చూసి, అన్నీ సరిగ్గా ఉన్న మొదటి బండికే పని ఇస్తారు. అది తప్పితే బండిని ఇంటి ముందు నిలబెట్టి గడ్డి వేసుకోవడమే.

పావగడలో ఒక మెకానిక్కు మీట మార్చాడు. టప్పు. ఇంకో మెకానిక్కు టిక్కుటిక్కుమనే డబ్బీ మార్చాడు. మళ్లీ టప్పు. కదిరయ్య తన తెలివి కూడా ఉపయోగించి ఫ్యూజుకు సిగరెట్టు రేకు చుట్టాడు. ఈసారి ఫ్యూజు పోలేదు, డాష్‌బోర్డు కింద పొగ లేచింది. దాంతో ఆ బుర్రలో మొదటినుంచీ ఉన్న అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"ఇది వైరు పని కాదే," అన్నాడు భార్య కెంచమ్మతో. "కండ్లు. ఆ చిన్నరంగప్ప కండ్లు!"

చిన్నరంగప్పది రెండిళ్ల అవతల. అతనికీ లగేజీ ఆటో ఉంది, అదీ గొర్రెలమ్మి కొన్నదే, కాకపోతే ఇంకా పాతది. కదిరయ్య బండి ఇంటికి తెచ్చిన రోజు పాపం పనిగట్టుకొని వచ్చి, "బాగుండాదప్పా" అన్నాడు. అదే అతను చేసిన నేరం. ఆ రోజే కదిరయ్య ముందు లైటు కింది సందులోంచి సన్నటి ఇనుపకంబి దూర్చి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశాడు. ఎడమవైపే ఎందుకయ్యా అంటే, చిన్నరంగప్ప ఇల్లు ఎడమవైపు ఉంది మరి! ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఇంకో కాయ చేరేది. మూడు నెలలు తిరిగేసరికి అయిదు కాయలై, బండి సంతలో అంగడిలా తయారైంది.

అది చాలదన్నట్టు ఆదివారం మధ్యాహ్నం వీధిలో నిలబడి నోరు పారేసుకున్నాడు.

"ఒకడు బాగుపడితే కండ్లల్లో నిప్పులు పోసుకునేటోళ్లు ఉండారప్పా ఈ ఊర్లో! పేరు చెప్పాల్నా?"

చిన్నరంగప్ప తన గడపలో కూర్చొని అంతా విన్నాడు. లేచి లోపలికి పోయాడు.

సాయంత్రం కూతురు రూప డ్యూటీ నుంచి వచ్చింది. ప్లాంటులో మీటరు పట్టుకొని ఏ వరసలో కరెంటు తెగిందో వెతికి పట్టడం ఆమె పని. కదిరయ్య మాత్రం అడిగినవాళ్లకల్లా "మా పాప పలకలు తుడుస్తాది" అనే చెప్పేవాడు. ఆడపిల్ల కరెంటు పట్టుకుంటుందంటే నలుగురిలో తలవంపులట!

"నాయనా, నేను చూస్తా. ఆ హెడ్‌లైటు బల్బు ఒకటి ఊడదీసి ఇయ్యి."

"ఉన్న రోగం చాలదా? బండిలో ఇంక ఒక్క స్క్రూ ముట్టద్దు!"

రూప బయటికి పోయి, పది నిమిషాల్లో ఎక్కడినుంచో ఒక బల్బు తెచ్చింది. రెండు వైర్లు చుట్టి ఫ్యూజు ఉండే చోట గుచ్చింది.

"షార్టు ఉన్నంతసేపు ఇది భగ్గుమని మండతాది. షార్టు పోతే మసకబడతాది. ఎడమ మీట వెయ్యి."

వేశాడు. బల్బు భగ్గుమంది. రూప వెనక లైటు వైరు ఊడబెరికింది. బల్బు మండుతూనే ఉంది. ముందుకొచ్చి, వంగి చూసి, రెండు వేళ్లతో నిమ్మకాయల గుత్తిని పైకెత్తింది. బల్బు మసకబడింది. టిక్కు, టిక్కు, టిక్కు. గుత్తి వదిలింది, భగ్గు! మళ్లీ ఎత్తింది, టిక్కు టిక్కు.

"కాయల బరువుకు కంబి దిగి దిగి వైరు తోలు కోసేసింది నాయనా. కరెంటు లైటుకు పోకుండా కంబి పట్టుకొని బండి రేకులోకి పోతాండాది. నువ్వు కాయ కట్టేకొద్దీ ఇంకా తెగింది."

కెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కదిరయ్య మాత్రం తగ్గలేదు.

"చూసినావా మరి? దిష్టి ఎంత గట్టిదో, కట్టిన కంబితోనే వైరు కోయించింది!"

రూప కంబి తుంచి, వైరుకు టేపు చుట్టి, ఊడబెరికిన వెనక వైరు తగిలించి, కొత్త ఫ్యూజు వేసింది. బల్బును కాగితంలో చుట్టి తండ్రి చేతిలో పెట్టింది.

"ఇది చిన్నరంగప్ప మామది. అడగ్గానే తన బండిలోంచి ఊడదీసి ఇచ్చినాడు. నాకు పొద్దున్నే డ్యూటీ. మామ కూడా చెకింగుకు వస్తాండాడు, గేటు కాడికి పొయ్యేలోపల నువ్వే ఇచ్చెయ్యి."

మధ్యాహ్నం అంతేసి మాటలని, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకొని ఆ గడప తొక్కేది? పొద్దున ఇద్దాంలే అనుకున్నాడు. తెల్లవారాక, గేటు దగ్గర ఇద్దాంలే అనుకున్నాడు. అంతవరకూ ఉన్నది సిగ్గే.

గేటు దగ్గర చిన్నరంగప్ప బండి ముందుంది, దాని వెనకే కదిరయ్యది. చిన్నరంగప్ప దిగి, బల్బు కోసం వెనక్కి చూశాడు. కదిరయ్య చేయి జేబు దాకా పోయింది. ముందు బండి పాసయితే తన పని గోవిందా అని సరిగ్గా అప్పుడే తట్టింది. చేయి చొక్కా సర్దుకొని కిందికి దిగిపోయింది.

"హెడ్‌లైటు ఒకటి లేదు. పక్కకు తీసుకోప్పా," అన్నాడు ఆఫీసరు. "నెక్స్ట్!"

కదిరయ్య ఎడమ మీట వేశాడు. టిక్కు టిక్కుమంది. హారను, బ్రేకు, అన్నీ చూసి ఆఫీసరు పాసు రాసిచ్చాడు.

గేటు లోపలినుంచి రూప హెల్మెట్టుతో వచ్చింది. పక్కన నిలిచిపోయిన బండిని చూసింది.

"నాయనా, మామకు బల్బు ఇచ్చినావు కదా?"

కదిరయ్య నోరు తెరిచేలోపే చిన్నరంగప్ప అందుకున్నాడు. "ఇచ్చినాడు లేమ్మా. నేనే ఇంట్లో మరిచి వచ్చినా."

బండి తిప్పుకొని వెళ్లిపోయాడు. కదిరయ్య వైపు చూడనైనా లేదు. మూడు నెలలుగా ఏ చూపుకు అడ్డంగా నిమ్మకాయలు కట్టాడో ఆ చూపు ఒక్కసారి తన మీద పడి ఉంటే బాగుండేదని కదిరయ్యకు అనిపించింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపలికి పొమ్మని గార్డు చెయ్యి ఊపుతున్నాడు. ఎడమ లైటు ఆపడం మరిచిపోయాడు, అది టిక్కుటిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. చెకింగు కదా అని కదిరయ్య వేసుకొచ్చిన పల్చటి తెల్ల చొక్కా జేబులో, కాగితం చించుకొని బయటికి వచ్చిన బల్బు మూతినే చూస్తూ రూప నిలబడింది.