మూడోసారి మోగితే

భుజానికీ చెవికీ మధ్య రిసీవర్ ఇరికించుకుని ఐలీన్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటోంది. అవతల నలభై నిమిషాలుగా ఒకటే పాట. బర్నీలో తెల్లారినప్పటినుంచీ జల్లు, బస్సుకి వేళవుతోంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి, ఆవిరికి ఎర్రగా ఉబ్బిన ఆ వేళ్లకి గుండీలు చిక్కడం లేదు.

చివరికి ఫోన్ కంపెనీ అమ్మాయి పలికింది.

"అడక్కుండా మా లైనుకి వాయిస్ మెయిల్ తగిలించారు. తీసెయ్యండి. ఇంట్లో మెషిన్ ఉంది."

"ఉచితమేనండీ. మీరు మాట్లాడుతుండగా వచ్చిన కాల్స్ మేం పట్టుకుంటాం."

"ఉచితమైతే మీ ఇంట్లో పెట్టుకో తల్లీ! రెండు చోట్ల వెతుక్కునే ఓపిక నాకు లేదు."

"ఫారం పంపిస్తాను, సంతకం చేసి..."

ఐలీన్ ఠక్కున పెట్టేసి బస్సుకి పరిగెత్తింది.

ఎవరూ ఎత్తకపోతే కబురు రికార్డు చేసే ఆ మెషిన్ అక్క బెరిల్ కొన్నది. మెసేజ్ ఉంటే రెండోసారి మోగగానే ఎత్తుతుంది. లేకపోతే నాలుగుసార్లు మోగనిస్తుంది. బయట పేఫోన్ నుంచి చేసినప్పుడు మూడోసారి మోగితే పెట్టేయడమే, నాణెం తిరిగొస్తుంది. పెళ్లీ పెటాకులూ లేకుండా ఒకే కప్పు కింద బతికిన అక్కచెల్లెళ్లకి అదో సరదా. పదిరోజులుగా బెరిల్ గుండెజబ్బుతో, రెండు గంటల దూరంలో లాన్సెస్టన్ పెద్దాసుపత్రిలో ఉంది. లాండ్రీ హోరులో ఫోన్ వినబడదని, కబురేదైనా ఇంటికే చెప్పమంది ఐలీన్.

పన్నెండింటికి పేఫోన్ దగ్గర నిలబడితే, పక్క బల్ల మీద పనిచేసే ప్యాట్సీ నవ్వింది.

"మళ్లీ నీ ఇంటికి నువ్వేనా? ఎవరెత్తుతారే, పిల్లా?"

"ఎత్తకపోతేనే మేలు. నోర్ముయ్."

ఒకటి. రెండు. మూడు. పెట్టేసింది. ప్రాణం కుదుటపడి, మాంసం కూరిన రొట్టె మీద సాస్ ఒలకబోసుకుని మొత్తం తినేసింది.

నాలుగున్నరకి ఇల్లు చేరేసరికి మెషిన్ ఎర్రలైటు మెసేజ్ లేనట్టు నిలకడగా వెలుగుతోంది. వార్డుకి చేద్దామని రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ తెగితెగి వినిపించింది, కంపెనీ దగ్గర మెసేజ్ ఉందని గుర్తు.

"దరిద్రపు వాయిస్ మెయిల్!" నంబర్లు పొడిచినట్టు నొక్కింది.

పొద్దున ఎనిమిదింటి మెసేజ్. ఆమె ఫోన్ కంపెనీ పాట వింటున్నప్పటిది. నర్సు గొంతు: "బెరిల్ గారు మిమ్మల్ని అడుగుతున్నారు. మధ్యాహ్నంలోపు రాగలరా?"

వార్డులో అదే నర్సు ఎత్తింది.

"మీకే చేయబోతున్నానమ్మా. ఆవిడ పోయి పదినిమిషాలైంది. పొద్దునే మెసేజ్ పెట్టాను కదా, దారిలో ఉంటారనుకున్నాం. ఆవిడ తలుపు వైపే చూస్తూ..."

రెండో చోట వెతకలేదని ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? తడిసిన కోటు విప్పకుండానే కూర్చుండిపోయింది.

మెషిన్ మూత మీద, పసుపుబారిన టేపు కింద, బెరిల్ గుండ్రటి అక్షరాలు: "మూడోసారి మోగితే పెట్టేయ్. ఏమీ లేనట్టే."